బిందె శ్రుతి

మరణాల రిజిస్టరులో
మీ పేరు నా చేత్తోనే రాయవలసి వచ్చింది, వరహాలమ్మ గారూ.
యడ్ల వరహాలమ్మ, ఎనభై ఒకటి, స్త్రీ, పదకొండో వార్డు.
వృత్తి అన్న గడి దగ్గర కలం ఆగింది.
గడి వెడల్పు రెండు వేళ్లు.

బల్లకి అవతల మీ కోడలు
"ఏదో ఒకటి రాసీండి బాబూ" అంది.
ఏదో ఒకటి
మీరెప్పుడు చేశారు గనక!

నాకు పదేళ్లు. మూడు లాంతర్ల వెనక సందు, మీ వసారా.
ఫిడేలు తల మడమ మీద ఆన్చి సరళీ వరుసలు చెప్పేవారు,
మధ్యలో లేచి పొయ్యి మీద పప్పు కలిపి వచ్చి
స్వరం ఎక్కడ వదిలారో అక్కడే అందుకునేవారు.
ఎనిమిది నెలలు నా గీకుడు భరించి
"నాయినా, నీ చేతిలో రాత బాగుంది, దాన్ని నమ్ముకో" అన్నారు.
అలా నేను మున్సిపాలిటీ గుమస్తానయ్యాను.

సన్నాయి వాయించే మీ నాన్న
ఆడపిల్లకి ఊపిరి వాద్యం ఇవ్వనన్నాడట.
"ఇవ్వకపోతే పోనీ, చేతులున్నాయి కదా" అన్నారట మీరు.
ఈ మాట చెప్పినప్పుడల్లా నవ్వేవారు.
నవ్వు చివర కొంచెం గాలి మిగిలేది.

మీ ఆయనది నెల్లిమర్ల జూట్ మిల్లు.
ఇరవై ఆరేళ్లు మగ్గాల మోతలో నిలబడి
చెవులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.
రాత్రి మీరు వాయిస్తుంటే
ఫిడేలు వీపు మీద రెండు వేళ్లు ఆన్చి కూర్చునేవాడు.
అరుగు మీంచి ఓసారి చూశాను.
ఆయన తల ఊగుతోంది
సరిగ్గా తాళానికే.

తొమ్మిదేళ్ల మీ చిన్నోడు
మెదడు జ్వరంతో పోయాడు.
ఏడాది పాటు పెట్టె మూత తియ్యలేదు మీరు.
ఒక మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా,
మన వార్డులో మురుగుకాలవ
ఎన్ని మూరలు కప్పు లేకుండా ఉందని అడిగారు.
నా దగ్గర లెక్క లేదు.
మర్నాడు మీరే కొలిచి తెచ్చారు.

మొదటిసారి పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయారు.
తెల్లారి పంపుహౌసు దగ్గర మళ్లీ మీరే.
"ఓడింది నేను. కుళాయి కాదు కదా?"

గెలిచాక, ఛైర్మన్ గారి ఉపన్యాసం సాగుతుంటే
బల్ల కింద మీ వేళ్లు ఆది తాళం వేసేవి.
"ఆవృతం పూర్తవకుండానే మళ్లీ ఎత్తుకుంటాడేటి ఈయన" అని
నా చెవిలో అన్నది
మినిట్సులో లేదు.
పటం మీద నీలం గీత రెల్లివీధి మొదట్లో ఆగిపోతే
దాని మీద వేలు పెట్టి
"ఈ తీగ ఇక్కడ తెగిందేటి?" అన్నది మాత్రం ఉంది,
పద్నాలుగో పేజీలో.
ఇంజనీరు ముందు నవ్వాడు. తర్వాత గొట్టాలు లెక్కపెట్టాడు.

నీళ్లు మొదట వచ్చిన సాయంత్రం
ఆ వీధి చివరింటి వాళ్ల ఇత్తడి బిందె కుళాయి కింద పెట్టించి
నన్ను పక్కన నిలబెట్టారు.
"వినరా. మంద్రంలో మొదలైంది. నిండే కొద్దీ పైకెళ్తోంది.
పొర్లబోయే ముందు ఏ స్వరమో చెప్పు చూద్దాం."
చెప్పలేకపోయాను.
"అందుకే నిన్ను గుమస్తాని చేశాను" అన్నారు.

గడి అలాగే వదిలేసి, రిజిస్టరు మూసి,
నాలుగున్నరకి రెల్లివీధి మీదుగా ఇంటికి నడిచాను.
కుళాయి దగ్గర ఒక పిల్ల.
మొహం అటు తిప్పి, ఎవరితోనో పరీక్షల సంగతి మాట్లాడుతోంది.
వెనక బిందె నిండుతోంది,
చప్పుడు సన్నబడుతూ పైకి, ఇంకా పైకి.
చూడకుండానే చెయ్యి చాచి
కుళాయి కట్టేసింది.
ఒక్క చుక్క పొర్లలేదు.

ఏ స్వరం దగ్గరో
నాకు ఈసారీ తెలియలేదు.
ఆ పిల్లకి తెలుసు.